డివైడరు మీద మిగిలిన ఏడాది

ఇద్దరు బావాబావమరుదుల కార్లలో ఏది గొప్పదో తేల్చడానికని ఐసు ఫ్యాక్టరీ రోడ్డుకి ఒక పక్కన పందొమ్మిది వందల అరవై అయిదో సంవత్సరాన్నీ, రెండో పక్కన తొంభై తొమ్మిదో సంవత్సరాన్నీ ప్రభుత్వం మంజూరు చేసింది. ఉత్తర్వు సోమవారం వచ్చింది. మంగళవారం మంచిది కాదని ఆగి, బుధవారం పొద్దున్న అమలు చేశారు.

గొడవ మొదలైంది ఒక పెళ్లి భోజనాల దగ్గర. గోపాలస్వామి గారికి చేపల చెరువులున్నాయి, ఊరి చివర స్థలాలున్నాయి, వాటన్నిటికంటే ముద్దుగా చూసుకునే ఇంగ్లండు కారు ఒకటుంది. అరవై అయిదులో తయారైంది. ముదురాకుపచ్చ రంగు, పొడుగాటి ముక్కు, సైకిలుకున్నట్టు ఊచల చక్రాలు, చెక్క స్టీరింగు. నెత్తిన టాపు లేదు, ఇద్దరికి తప్ప చోటు లేదు. ఆయన చెల్లెల్ని చేసుకున్న దివాకరం గారికి ఐసు ఫ్యాక్టరీ ఉంది, రొయ్యల ఎగుమతి ఉంది, తొంభై తొమ్మిదిలో తయారైన జపాను కారు ఉంది. వెండి రంగు, నేలకి జానెడెత్తు, వెనకాల విమానం నించి ఊడదీసినట్టు ఒక రెక్క. విస్తట్లో పులిహోర పడుతుండగా గోపాలస్వామి గారు, "మీ బండికి ప్రాణం లేదు బావా, అది మిక్సీ" అన్నారు. బూరెలు వచ్చేసరికి దివాకరం గారు, "మీది నలుగురు తోస్తేగాని కదలదు. నలుగురి సాయంతో వెళ్లేదానికి ప్రాణముందంటారా బావా?" అన్నారు. పెరుగు దాకా ఆగకుండానే ఇద్దరూ చేతులు కడిగేసుకున్నారు.

పక్క వరసలో తింటున్న రిటైరైన పెద్దమనిషి ఒకాయన కలగజేసుకుని, ఏ కాలపు బండిని ఆ కాలంలోనే నడిపించి చూడాలనీ, అరవై అయిదు బండిని తెచ్చి ఇప్పటి గాలిలో పరిగెత్తించడం అన్యాయమనీ అన్నాడు. అన్యాయం అన్న మాట చెవిన పడగానే ఇద్దరికీ పౌరుషం వచ్చింది. సంవత్సరాల శాఖకి కలిసే అర్జీ పెట్టుకున్నారు.

సినిమా షూటింగులకి పాత సంవత్సరాలు అద్దెకివ్వడం, స్థలాల తగాదాల్లో నాలుగైదేళ్లు వెనక్కి జరిపిపెట్టడం ఆ శాఖ మామూలుగా చేసే పని. పెద్దవాళ్ల అర్జీ కనక తొందరగానే కదిలింది. ఇంగ్లండునీ జపానునీ కూడా ఇప్పించమని అడిగారు గానీ, దేశాలు తమ పరిధిలోకి రావనీ, దానికి ఢిల్లీ వెళ్లాలనీ శాఖవాళ్లు చెప్పారు. అందుకని సంవత్సరాలొక్కటే వచ్చాయి.

రోడ్డు ఎంపిక దగ్గర పేచీ రాలేదు. ఊళ్లో మిగతా రోడ్లన్నీ ఎవరో ఒకరి ప్రహరీని గౌరవిస్తూ వంకర తిరిగినవే. ఐసు ఫ్యాక్టరీ రోడ్డు పక్కన గౌరవించాల్సిన వాళ్లెవరూ లేకపోవడంతో అది తిన్నగా పోయింది. ఫ్యాక్టరీ ఉన్న పక్కకి అరవై అయిదు ఇచ్చారు, ఇళ్లున్న పక్కకి తొంభై తొమ్మిది. ఒక చిన్న చిక్కు మాత్రం వచ్చింది. అరవై అయిదులో అక్కడ తారు లేదు, బురద. ఊచల చక్రాలు బురదలో దిగబడిపోతాయి. శాఖ ఆలోచించి, సంవత్సరం అరవై అయిదే అయినా తారు ఇప్పటిది ఉండవచ్చునని రోడ్డుకి మినహాయింపు ఇచ్చింది.

మధ్యలో డివైడరుంది. మనిషి పడుకుంటే అటూ ఇటూ దొర్లడానికి చోటు లేనంత సన్నం. దాని మీద కారు నడవదు కాబట్టి దానికి ఏ సంవత్సరమూ కేటాయించలేదు. అక్కడ ఈ ఏడాదే మిగిలిపోయింది.

తాతబ్బాయి ఇల్లు ఆ రోడ్డులోనే. యాభయ్యేళ్లవాడు. ఏడో తరగతి మధ్యలో బడి మానేసి ఫ్యాక్టరీలో ఐసు దిమ్మలు మోయడానికి కుదిరాడు, అప్పట్నించీ అవే మోస్తున్నాడు. ఇల్లున్న జాగా గోపాలస్వామి గారిది, ఖాళీ చెయ్యమని ఆయన ఏనాడూ అనలేదు. పని దివాకరం గారి దగ్గర, మానెయ్యమని ఆయనా ఏనాడూ అనలేదు. ఇంత మంచివాళ్లిద్దరి మధ్య బతకడం వల్ల తాతబ్బాయి నడుం ఎప్పుడూ కొంచెం ముందుకి వంగే ఉండేది. డాక్టరు మాత్రం అది దిమ్మల మోత వల్ల అన్నాడు.

బుధవారం పొద్దున్న అతను నిద్ర లేచేసరికి పాతికేళ్లవాడు. మోకాలు నొప్పి లేదు. నెత్తి మీద చెయ్యి పెడితే జుట్టు తగిలింది. పక్కన మంగతాయారు ఇరవై ఏళ్ల పిల్లయి పడుకుంది, పెళ్లినాటి పుస్తెలతాడు ఇంకా పచ్చగా ఉంది. అరుగు మీద ఎవరో దగ్గుతున్నారు. ఆ దగ్గు ఎవరిదో తాతబ్బాయికి చూడకుండానే తెలిసింది. అతని నాన్న ముత్యాలు పోయి ఇరవై ఏళ్లు దాటింది.

"లేచావట్రా? సూరీడు నెత్తికెక్కాడు. కొత్త పెళ్లికొడుకువని ఫ్యాక్టరీవోళ్లు ఊరుకుంటారేటి?" అన్నాడు ముత్యాలు, చుట్ట వెలిగించుకుంటూ.

తాతబ్బాయి నాన్న కాళ్ల దగ్గర కూలబడి ఏడవబోతుంటే లోపల్నించి మంగ కేక వినపడింది. కడుపు మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. కాన్పు నాటి కోత మచ్చ మాయమైపోయింది. పొట్ట పలక తుడిచినంత నున్నగా ఉంది.

"ఏవయ్యా, పిల్లేది?"

ఒక్కగానొక్క కూతురు ప్రవల్లిక, పందొమ్మిదేళ్లది, పడుకునే రేకుల గది అక్కడ లేదు. ఆ గది వేసింది అది పుట్టాక. గోడ మీద దాని బొమ్మలున్న చోట ఖాళీ సున్నం ఉంది.

ఇద్దరూ వీధిలోకి పరిగెత్తారు. వల్లి డివైడరు మీద మంచం వేసుకుని కూచుని ఉంది. వీధిలో పాతికేళ్ల లోపు పిల్లలంతా అలాగే వరసగా కూచుని ఉన్నారు, బారసాల కాని పసిపిల్లతో సహా. సంవత్సరాలు మారే ముందే శాఖవాళ్లు వచ్చి, తొంభై తొమ్మిదికి ఇంకా పుట్టనివాళ్లందర్నీ మంచాలతో ఎత్తి డివైడరు మీద దింపి వెళ్లారు. నిద్ర చెడకుండా దుప్పట్లు కూడా కప్పారు. ఆ విషయంలో శాఖని తప్పుపట్టడానికేమీ లేదు.

వల్లి అమ్మానాన్నల్ని చూసి మొదట గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక, "అమ్మా, నువ్వు ఇంత బావుండేదానివా?" అంది. ఇంటివైపు ఒక అడుగు వేసింది. గట్టు దిగిన పాదం దిగినట్టే లేకుండా పోయింది, చెప్పు మాత్రం రోడ్డు మీద మిగిలింది. గబుక్కున వెనక్కి లాక్కుంది. పాదం వచ్చేసింది. మంగ డివైడరెక్కి కూతుర్ని కావిలించుకుంది. ఎక్కగానే జుట్టు నెరిసింది, నడుం లావైంది, చీర కింద మచ్చ తిరిగొచ్చింది. ఆ తర్వాత మంగ రోజుకి ఎన్నిసార్లు డివైడరెక్కేదో లెక్కలేదు. కూతురి కోసం కొన్నిసార్లు, ఆ మచ్చ తడుముకోవడానికి కొన్నిసార్లు.

మొదటి రోజే ఆమె వేడి వేడిగా అన్నం, ముద్దపప్పు పట్టుకెళ్లింది. తొంభై తొమ్మిదిలో వండిన అన్నం డివైడరు చేరేసరికి పాతికేళ్లు పాతబడి, గిన్నెలో నల్లటి పొడిలా రాలింది. చారు తీసుకెళ్తే గిన్నె అడుగున మరక మిగిలింది. నీళ్లు దాటాయి, ఉప్పు దాటింది, స్టీలు గిన్నె దాటింది. ఆవకాయ కూడా దాటింది. నూనె నల్లబడింది గానీ దాటింది. అందరూ ఆశ్చర్యపోయారు, మంగ పోలేదు. ఆ జాడీ వల్లి దగ్గరే ఉంచింది. అన్నం మాత్రం రోడ్డు చివర్నించి ఎవరో పుణ్యాత్ములు పొట్లాల్లో పంపేవారు.

తాతబ్బాయి పనికి వెళ్లబోతే ఫ్యాక్టరీ గుమస్తా డివైడరు దగ్గరే ఆపేశాడు. అటు పక్క అరవై అయిదు. అతను అప్పటికి పుట్టలేదు. అటు చాచిన చెయ్యి లేకుండా పోతుంటే గుమస్తా విసుక్కుని, "పుట్టాక రావయ్యా, చూద్దాం" అన్నాడు. ఆ సంగతి దివాకరం గారి చెవిన పడింది. ఆయన మంచివాడు. పాత మనిషి, పస్తులుండకూడదని చెప్పి తాతబ్బాయికి పందెంలోనే పని ఇప్పించారు. రెండు కార్లూ ఒకేసారి బయల్దేరాలి కనక ఎవరో ఒకరు జెండా ఊపాలి. జెండా రెండు పక్కలకీ కనపడాలంటే డివైడరు మీంచే ఊపాలి. అలా తాతబ్బాయి రోజూ పొద్దున్నే కూతురి మంచం పక్కన నిలబడి, కూతురు అక్కడ ఉండిపోవడానికి కారణమైన ఆ పని మొదలవడానికి జెండా ఊపేవాడు.

ఇంగ్లండు కారుని తోయడానికి ఊళ్లో ముసలాళ్లని పిలిపించారు. డెబ్బై అయిదేళ్లవాళ్లు అరవై అయిదులో అడుగు పెట్టగానే నూనూగు మీసాల కుర్రాళ్లయి, ఈలలేస్తూ తోసేవారు. మధ్యాన్నం అయ్యాక ఎంత పిలిచినా వెనక్కి వచ్చేవారు కాదు. కారు రెండుసార్లు తుమ్మి, మూడోసారి ఉరిమి, రోడ్డు మీద నల్లటి నూనె చుక్కలు పెట్టుకుంటూ వెళ్లేది. జపాను కారు తాళం తిప్పగానే నడిచేది, ఆపితే ఆగేది. దాన్ని గురించి అంతకంటే చెప్పడానికేమీ ఉండేది కాదు. పరిశీలకులు కుర్చీలు వేసుకుని రాసుకునేవారు. వాసన: ఇంగ్లండుదానికి పెట్రోలు, తోలు, తడిసిన చెక్క. జపానుదానికి లేదు. నమ్మకం: జపానుదానికి ఉంది. ఇంగ్లండుదానికి అవసరం లేదు. గోపాలస్వామి గారు ఆ మాట చదివించుకుని కళ్లు తుడుచుకున్నారు. "చూశారా, అది మనిషి లాంటిది. అలుగుతుంది, దగ్గుతుంది, బతిమాలించుకుంటుంది" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవారు. డివైడరు మీద పసిపిల్ల దగ్గుతుంటే ఎవరూ ఏమీ రాసుకోలేదు. అది పరిశీలనలో లేదు.

సంవత్సరం మంజూరైందే గానీ ఎన్నాళ్లకి మంజూరైందో ఎక్కడా రాయలేదు. తొంభై తొమ్మిది డిసెంబరు అయిపోతే మళ్లీ తొంభై తొమ్మిది జనవరే వచ్చింది.

ముత్యాలు రోజూ అరుగు మీద కూచుని కార్లు చూసేవాడు. స్తంభాల మీద శాఖవాళ్లు బోర్డులు కట్టారు: ఈ పక్క వారికి తర్వాత జరిగే సంగతులు చెప్పరాదు, చెప్పినచో పరిశీలన చెడును. అందుకని తాతబ్బాయి నాన్నకి ఏమీ చెప్పలేదు.

"ఒరేయ్, పెళ్లై ఇన్నాళ్లయింది. నా చేతుల్లో మనవణ్నో మనవరాల్నో ఎప్పుడు పెడతావురా?" అనేవాడు ముత్యాలు.

"పెడతాలే నాన్నా. నీకన్నీ తొందరే."

"తొందర కాదేటి? ఈ దగ్గు నన్నుండనిచ్చేలా ఉందా?" అని, డివైడరు వైపు చుట్టతో చూపించేవాడు. "ఎవరి పిల్లోరా అది, పాపం, ఎండలో కూచుంది. మూతి విరుపు చూడు, అచ్చం మీ అమ్మే. వాళ్లోళ్లకి బుద్ధి లేదేటి? ఆడపిల్లని రోడ్డు మీద వదిలేస్తారా ఎవరైనా?"

తాతబ్బాయికి నాన్న దగ్గర ఎప్పుడూ నోరు లేచేది. చిన్నప్పట్నించీ ప్రతి మాటకీ అడ్డం చెప్పి దెబ్బలు తిన్నవాడు. ఆ మాటకి మాత్రం లేచి లోపలికి వెళ్లిపోయేవాడు.

రెండో జనవరి నెలలో వీధివాళ్లంతా కూడబలుక్కుని సంవత్సరాల శాఖకి వెళ్లారు. అసిస్టెంట్ డైరెక్టరు నాగమల్లేశ్వరి గారు అందరికీ మజ్జిగ ఇప్పించి విన్నది. రోడ్డుకి మినహాయింపు ఇచ్చినట్టే పిల్లలకీ ఇవ్వాలని తాతబ్బాయి అడిగాడు.

"రోడ్డు లేకపోతే కార్లు నడవవు కదండీ. అందుకని ఇచ్చాం. మీ పిల్లలు లేకపోతే ఏ కారు ఆగుతుందో చెప్పండి, ఇప్పుడే రాసి పంపిస్తాను" అందావిడ.

అందరూ నిజాయితీగా ఆలోచించారు. ఏ కారూ ఆగదు. ఆ సంగతి ఒప్పుకుని మజ్జిగ తాగారు. వచ్చేస్తుంటే ఆవిడ తాతబ్బాయిని ఆపి, "చూడండి, నాక్కూడా బదిలీ కావాలి, ఇది తేలితే గాని రాదు. ప్రజాభిప్రాయం తీసుకుంటాం. ఏదో ఒక కారు గొప్పది కాదని ఒక్కళ్లంటే ఒక్కళ్లు చెప్పినా చాలు, ఆ రోజే సంవత్సరాలు ఎత్తేస్తాం" అంది.

ప్రజాభిప్రాయం రోడ్డు చివర, ఈ ఏడాదిలో, షామియానా కింద తీసుకున్నారు. బల్లకి అటు కొసన గోపాలస్వామి గారు, ఇటు కొసన దివాకరం గారు, మధ్యలో నాగమల్లేశ్వరి గారు. ప్రశ్నలు రెండే. ఇంగ్లండు కారు గొప్పదా? జపాను కారు గొప్పదా? వీధిలో వాళ్లందరూ ఒక్కొక్కరే వచ్చి మొదటిదానికి "ఆయ్" అన్నారు, రెండోదానికీ "ఆయ్" అన్నారు. ఆ ప్రాంతం మనుషులకి పెద్దవాళ్లు ఎదురుగా కూచుని ఏదైనా అడిగితే వేరే మాట నోట రాదు. వర్షం పడుతోందా అంటే ఆయ్. ఎండ కాస్తోందా అంటే ఆయ్ అండి. అది అబద్ధం కాదు, మర్యాద. తల్లిపాలతో వస్తుంది. తాతబ్బాయి ఆ రోజు వెళ్లలేదు. నాన్నకి ఆయాసం ఎక్కువై ఇంట్లో ఉండిపోయాడు. రెండు కార్లకీ అభిప్రాయాలు సమానంగా వచ్చాయని, పరిశీలన పొడిగించాలని రాశారు. రాని వాళ్ల కోసం ఇంకో రోజు పెట్టారు. రానివాడు తాతబ్బాయి ఒక్కడే.

దాంతో డివైడరు మీది పిల్లలందరి చూపూ అతని మీద పడింది. వల్లి పొద్దున్న జెండా ఊపడం అవగానే అతన్ని మంచం మీద కూచోబెట్టింది.

"నాన్నా, ఒక్క మాట. కాదండి. అను."

"కాదండి."

"అదిగో, వచ్చింది కదా!"

"నీతో ఏటే, ఎన్నిసార్లయినా అంటాను."

"నేను దివాకరం గార్ననుకో." వల్లి దుప్పటి భుజాన వేసుకుని, కాలు మీద కాలు వేసి, గొంతు లావు చేసింది. "ఏరా తాతబ్బాయ్, మా జపాను బండి గొప్పదేనంటావా?"

"ఆయ్" అన్నాడు తాతబ్బాయి, లేచి నిలబడి.

డివైడరు పొడుగూతా పిల్లలు పగలబడి నవ్వారు. వల్లి కూడా నవ్వింది. తర్వాత నవ్వడం మానేసింది.

"అది కాదు నాన్నా. నువ్వొద్దంటే ఎవరూ నిన్ను కొట్టరు. కొడతారా?"

"ఛ, వాళ్లెందుకు కొడతారు? మంచోళ్లు."

"మరి?"

తాతబ్బాయి జెండా గుడ్డని కర్రకి చుట్టాడు. "వాళ్లు కొట్టేవోళ్లయితే అనేద్దునే" అన్నాడు.

మంగ అక్కడే గట్టు మీద నిలబడి వింటోంది. "ఇదిగో, చూడు. మామయ్య మళ్లీ పోతాడని వెనకాడుతున్నావా?" అంది మెల్లిగా. "ఆయన ఎలాగూ ఒకసారి పోయాడు. ఏడ్చేశాం, దినాలు చేసేశాం. దీనికి నేనేం చెయ్యాలో చెప్పు. పుట్టిన పిల్లకి ఏడవాలా, పుట్టని పిల్లకి ఏడవాలా?"

"అంటానే. రేపు అనేస్తాను" అన్నాడు తాతబ్బాయి. ఆ సాయంత్రమంతా పెరట్లో గోడకి ఎదురుగా నిలబడి అనుకున్నాడు. ఇంగ్లండు బండికి ఆయ్. జపాను బండికి కాదండి. దివాకరం గారికి కోపం వస్తే రానీ, ఫ్యాక్టరీ పని ఎలాగూ పోయింది. గోడతో ఎన్నిసార్లన్నా మాట తడబడలేదు. ముత్యాలు అరుగు మీంచి విని, "ఎవర్రా, ఎవరితో కాదంటున్నావు?" అంటే, "ఎవరితోనూ కాదు, ఊరుకో నాన్నా" అని కసిరాడు.

మర్నాడు షామియానా కింద అతనొక్కడే. డివైడరు ఈ చివర దాకా పిల్లలంతా వచ్చి నిలబడ్డారు. ముందు వల్లి ఉంది. వాళ్లకి అభిప్రాయం చెప్పే హక్కు లేదు, ఏ పక్కకీ చెందరు కాబట్టి.

"ఏరా, నాన్న తిరిగొచ్చాడంట కదా. ఎంత అదృష్టంరా" అన్నారు గోపాలస్వామి గారు.

"ఆయ్, తమ దయండి."

"ఇంగ్లండు కారు గొప్పదేనా?" అని నాగమల్లేశ్వరి గారు అడిగింది.

"ఆయ్."

"జపాను కారు గొప్పదేనా?"

తాతబ్బాయి నోరు తెరిచాడు. మొదటి అక్షరం గొంతులోకి వచ్చింది. నాలిక దాని కోసం వెనక్కి తిరిగింది కూడా. నాగమల్లేశ్వరి గారు కలం పట్టుకుని, బదిలీ కాయితం కళ్లకి కనపడుతున్నట్టు ముందుకి వంగింది. సరిగ్గా అప్పుడు దివాకరం గారు తన ముందున్న కొబ్బరిబొండం తీసి తాతబ్బాయి చేతిలో పెట్టారు.

"ఎండలో పడి వచ్చావు. ముందు తాగరా, తర్వాత చెబుదువుగాని. తొందరేముంది? అమ్మాయి బావుందా? చదువుకుంటోందా?"

ఆయన మనస్ఫూర్తిగానే అడిగారు. ఆ పిల్ల పదడుగుల అవతల నిలబడి ఉందని ఆయనకి నిజంగా తెలియదు.

"ఆయ్" అన్నాడు తాతబ్బాయి.

నాగమల్లేశ్వరి గారు కాయితం మీంచి కలం ఎత్తింది. "అది రెండో ప్రశ్నకా, అమ్మాయి గురించా?"

దివాకరం గారు నవ్వుతూ చూస్తున్నారు. గోపాలస్వామి గారూ నవ్వుతున్నారు. బొండం చల్లగా ఉంది.

"రెంటికీనండి" అన్నాడు.

వెనక్కి తిరిగి చూడలేదు. బొండం మొత్తం తాగాడు. తాగకపోతే బాగుండదు. నాన్న కోసమే అలా అన్నానని తర్వాత మంగతో చెప్పాడు. మంగ నమ్మింది, లేదా నమ్మినట్టుంది. తాతబ్బాయి మాత్రం ఆ షామియానా కింద నిలబడ్డంతసేపూ నాన్న తనకి ఒక్కసారి కూడా గుర్తు రాలేదని మర్చిపోలేకపోయాడు.

రెండు కార్లూ సమానంగా గొప్పవని నివేదిక వెళ్లింది. వీధివాళ్ల సహకారాన్ని మెచ్చుకుంటూ డివైడరుకి రెండు వైపులా పసుపూ నలుపూ రంగులు వేయించారు. ఇళ్ల పక్కన జీవితం కుదుటపడింది. పాతికేళ్లు తగ్గిన ఆడవాళ్లు మళ్లీ సన్నజాజులు పెట్టుకున్నారు. పోయినవాళ్లు తిరిగొచ్చిన ఇళ్లలో పరిశీలన ఇంకొన్నాళ్లు సాగితే బావుండునని మెల్లిగా అనుకోవడం మొదలైంది. డివైడరు మీద పిల్లలు కూడా అలవాటు పడ్డారు. పక్క దొర్లకుండా నిద్రపోవడం నేర్చుకున్నారు. పసిపిల్ల అక్కడే నడక నేర్చుకుంది, అటూ ఇటూ పోకుండా తిన్నగా. ఎవరైనా చూస్తే ముచ్చట పడేవారు.

వల్లి నాన్నతో మాట్లాడడం మానలేదు. జెండా కర్ర విరిగితే గుడ్డపేలిక కట్టి ఇచ్చింది. ఆ 'కాదండి' సంగతి మాత్రం మళ్లీ ఎత్తలేదు. ఎత్తి తిట్టినా బాగుండేదని తాతబ్బాయి అనుకున్నాడు.

ఇంతలో గోపాలస్వామి గారి అల్లుడు చైనా నించి ఒక కారు తెప్పించాడు. ఈ ఏటిది. కరెంటు మీద నడుస్తుంది, చప్పుడు లేదు, స్టీరింగు ముట్టుకోకపోయినా దాని దారిన అది పోతుంది. పాత సామాన్లు రెంటిని ముందేసుకుని మావయ్యలిద్దరూ ఏం కొట్టుకుంటారు, నా దాంతో పోల్చండి అన్నాడు కుర్రాడు. ఆ కోరిక న్యాయంగానే ఉంది. అయితే ఈ ఏటి కారుని ఈ ఏడాదిలోనే నడపాలి కదా. ఈ ఏడాది ఆ రోడ్డులో డివైడరు మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

నాగమల్లేశ్వరి గారు వచ్చి, గట్టు మీద నిలబడి, ఒక్కో ఇంటివాళ్లనీ పిలిచి విడివిడిగా చెప్పింది. డివైడరు పగలగొట్టి తారు పోస్తారు. పిల్లలకి ప్రత్యామ్నాయం ఆలోచించాం, వాళ్లని నిర్లక్ష్యం చెయ్యలేదు. వాళ్లందరికీ వచ్చే ఏడాదిలో చోటు చూపిస్తాం.

"వచ్చే ఏడు ఎక్కడుందండీ?" అని అడిగింది మంగ.

"ఇంకా రాలేదు కదమ్మా. వచ్చాక చెబుతాం."

"అందాకా?"

"అందాకా సిద్ధంగా ఉండమనండి." ఆవిడ తాతబ్బాయి వైపు తిరిగింది. ఆవిడ వెనకాల, రోడ్డు చివర ఆగిన కొత్త కారులో గోపాలస్వామి గారు, అల్లుడు కూచుని ఉన్నారు. గోపాలస్వామి గారు అద్దం దించి చెయ్యి ఊపారు. "మీకు అభ్యంతరం లేదు కదా?" అందావిడ, అతని కళ్లల్లోకి చూస్తూ. ఆవిడకి ఇంకా బదిలీ కాలేదు.

వల్లి డివైడరు మీంచి చూస్తోంది. ఈసారి ఏమీ నేర్పలేదు. కాలు మీద కాలు వేసుకోలేదు. ఊరికే చూసింది, నాన్న మొహం ఎలా ఉంటుందో గుర్తుపెట్టుకునేవాళ్లు చూసినట్టు.

"ఆయ్" అన్నాడు తాతబ్బాయి.

పిల్లల్ని శుక్రవారం తీసుకెళ్లారు. వరసగా నిలబెట్టి, రోడ్డు చివరకి నడిపించారు. అక్కడ ఇంకా ఏమీ రాయని కొత్త బోర్డు ఒకటి పాతి ఉంది. వల్లి ఏడవలేదు. ఆవకాయ జాడీ చంకన పెట్టుకుని, "వస్తాను నాన్నా" అంది. వెళ్తాను అనకూడదని వాళ్లమ్మ నేర్పింది. బోర్డు దాటాక ముందు చెప్పులు కనపడలేదు, తర్వాత జడ కనపడలేదు. పసిపిల్ల అందరికంటే తిన్నగా నడిచింది.

డివైడరుని ఒక్క పూటలో తీసేశారు. మంగ వాకిట్లో నిలబడి, ఎక్కడానికి ఏమీ లేక, చెయ్యి నున్నటి పొట్ట మీద పెట్టుకుని చూసింది. తర్వాత లోపలికెళ్లి ఎసరు పెట్టింది. ఇరవై ఏళ్ల పిల్ల, కాపరానికి కొత్త.

తాతబ్బాయిని మాత్రం తీసెయ్యలేదు. రోడ్డు మొదట్లో అతని కోసం ఒక స్టూలు వేశారు. మూడు కార్లకీ కనపడేలా జెండా ఊపి, పొద్దెక్కాక ఇల్లు చేరాడు. ముత్యాలు అరుగు మీద రోడ్డు కేసి కళ్లు చికిలించి చూస్తున్నాడు.

"ఒరేయ్, ఆ పిల్ల కనపట్లేదేటిరా? రోజూ ఆడ కూచునేది."

"ఎవరు నాన్నా?"

"అదేరా, మీ అమ్మ మూతిది."

"ఏమో నాన్నా. ఎవరి పిల్లో."

ముత్యాలు కాసేపు దగ్గాడు. ఇంగ్లండు కారు తుమ్ముకుంటూ వెళ్లింది, జపాను కారు వెంటే వెళ్లింది, మధ్యలో చైనా కారు చప్పుడు లేకుండా, పిల్లలు పడుకున్న చోటు మీంచి సాగిపోయింది. ముసలాడి మొహం వెలిగింది.

"ఏం బళ్లురా! మూడూ మూడే. నేనూరికే నిన్ను పిల్లలూ పిల్లలూ అని సతాయిస్తన్నాను గానీ, ఇప్పుడేం తొందర్లేదులేరా. ముందు ఈ బళ్ల సంగతి తేలనీ. ఆ తర్వాత కనొచ్చు."

పుట్టి బుద్ధెరిగాక నాన్న మాటకి ఎదురు చెప్పకుండా ఏనాడూ ఉండనివాడు తాతబ్బాయి. చేతిలో జెండా గోడకి ఆనించి, తలగుడ్డ తీసి, నడుం కొంచెం ముందుకి వంచాడు.

"ఆయ్" అన్నాడు.